నర్సమ్మ ఇంటికి నేను కట్టిన ధర

ముప్పై మూడేళ్ల ఉద్యోగంలో నేను దగ్గరుండి కట్టించిన బళ్లు, కల్వర్టులు, పశువుల ఆసుపత్రులు శ్రీకాకుళం జిల్లాలో ఇంకా చాలానే నిలబడి ఉన్నాయి. వాటిలో దేనిమీదా నా పేరు లేదు. శంకుస్థాపన రాళ్ల మీద సూపర్వైజర్ల పేర్లు చెక్కరు. ఆ బాధ నాకు లేదు. నేను గర్వంగా చెప్పుకునే పని అసలు నా ఉద్యోగంలోదే కాదు. ఒకామె తన సొంత ఇల్లు అమ్ముకుంటూ ఎంత అడగమంటారని నన్ను అడిగింది. నేను ధర కట్టాను. మొదటిసారి తప్పు కట్టాను.

ఇప్పటి కుర్ర ఇంజినీర్లకు ఇది విడ్డూరంగా ఉండవచ్చు. ఇల్లు అమ్మాలంటే పక్క వీధిలో ఎంత పలికిందో ఫోనులో చూసి, బేరంలో దిగడానికి వీలుగా దాని మీద ఇంకొంత వేసుకునే రోజులివి. ఆమెకు ఆ విద్య రాదు. నాకేమో అన్నీ వచ్చుననుకునే వయసు.

అరవైల చివర సంగతి. నాకు ఇరవై అయిదేళ్లు. మాది శృంగవరపుకోట. డిప్లొమా చేతపట్టుకుని కోటబొమ్మాళి స్టేషనులో దిగి, ఎడ్లబండి మీద ఒక ఊరు చేరి, అక్కడి పంచాయతీ సమితి ఆఫీసులో సూపర్వైజరుగా చేరాను. మా గదిలో నాతోపాటు ఒక డ్రాఫ్ట్స్‌మన్ ఉండేవారు. విజయనగరం మనిషి, రిటైరు కావడానికి రెండేళ్లుంది. గీతలు ఎంత శుభ్రంగా గీసేవారో మాటలు అంత పొదుపుగా వాడేవారు. నేను వాడే మాటలు చూసి ఆయనకు నా మీద జాలి.

ఒక ఉదయం ఆఫీసు తెరవగానే మా గది గుమ్మంలో నర్సమ్మ నిలబడి ఉంది. యాభై దాటిన మనిషి, ఊరి ఆసుపత్రిలో నర్సు. తెల్లచీర, చేతికి నల్లపట్టీ గడియారం. ఆ ఊళ్లో ముప్పై ఏళ్లలోపు వాళ్లలో సగం మందిని మొదట చేతుల్లోకి తీసుకున్నది ఆమే. భర్త పోయి చాలా కాలమైంది, పిల్లలు లేరు. చిన్న వయసులో మిషన్ ఆసుపత్రిలో నర్సు చదువు చదివింది. ఇప్పుడు విశాఖపట్నం వైపు ఒక నర్సుల బడిలో ఆడపిల్లలకు పాఠాలు చెప్పడానికి రమ్మని ఉత్తరం వచ్చింది. జనవరిలో చేరాలి.

"ఇల్లు అమ్మీసి ఎల్తాను బాబూ. మళ్లీ ఇటు రాను," అంది. "కొనీవోలు వస్తే నానేటి అడగాల? ఎక్కువ సెప్పి, దిగి దిగి రావడం నాకు సేతకాదు. ఒక్క మాట సెప్తాను, ఆ మాట మీదే ఉంటాను. ఆ మాట న్యాయమైనదై ఉండాల. ఎంతో మీరు సెప్పండి."

నాకు ఛాతీ ఉబ్బింది. ఊరు మొత్తం మొక్కే మనిషి నా దగ్గరకు వచ్చి న్యాయం అడుగుతోంది. "దానిదేముందమ్మా, కొలిచి లెక్క కట్టి కాగితం మీద రాసిస్తాను" అన్నాను. డ్రాఫ్ట్స్‌మన్ తల ఎత్తకుండానే, "నోటితో చెప్తే చాలదా?" అన్నారు. నేను వినిపించుకోలేదు.

మర్నాడు వెళ్లాను. వసారా, రెండు గదులు, వెనక వంటిల్లు, నుయ్యి, పెరట్లో ఒక పనసచెట్టు. పైన బంగాళా పెంకు. గుమ్మాలు రంగూన్ టేకు. ఇంటికి ఎడం పక్క గోడకు ఆనుకుని బియ్యం మిల్లు. టేపు పట్టుకుని గబగబా కొలిచాను. ఆ రోజు మధ్యాహ్నం ఇంజినీరుగారి జీపు వస్తోంది, కల్వర్టు దగ్గర నేను ఉండాలి.

ఇక్కడ ఒక్క సంగతి చెప్పాలి. ఆ రోజుల్లో ఇటుక గోడ రెండు రకాలు. ఇటుకల మధ్య బురద పెట్టి కట్టినది ఒకటి, గానుగలో రుబ్బిన సున్నం పెట్టి కట్టినది ఇంకొకటి. పైన పూత పూశాక రెండూ ఒక్కలాగే కనపడతాయి. ధరలో మాత్రం చాలా తేడా. ఏది ఏదో తెలియాలంటే పూత గోకి లోపల చూడాలి. వంటింట్లో ఒకచోట పూత రాలి ఉంటే చూశాను. ఇటుకల మధ్య మట్టి. ఇల్లంతా అదే అనుకున్నాను. జేబులోంచి చాకు బయటకు తియ్యను కూడా తియ్యలేదు.

స్థలానికింత, చదరపు అడుక్కింత, ఇంటి వయసు పదిహేనేళ్లు కాబట్టి తరుగు ఇంత అని వేస్తే ఆరువేల రెండువందలు వచ్చింది. అందమైన దస్తూరీతో రాసి, కింద సంతకం చేసి, హోదా కూడా వేసి ఆమె చేతికిచ్చాను.

ఆమె కళ్లజోడు పెట్టుకుని చదివింది. చాలాసేపు ఆ అంకె వైపే చూసింది.

"గోడలు సూసినారా బాబూ?"

"చూశానమ్మా."

"అయితే సరే," అని కాగితం మడిచి బైబిల్లో పెట్టుకుంది. ఈ యాభై ఏళ్లలో నేను చాలా అబద్ధాలు ఆడి ఉంటాను. ఆ 'చూశానమ్మా' అంత తేలిగ్గా నా నోట్లోంచి మరేదీ రాలేదు.

పది రోజులు గడిచాయి. పక్క ఊళ్లో బడికి గది కడుతున్నాం. మేస్త్రి డెబ్బై ఏళ్ల ముసలాయన. అందరం తాతా అనేవాళ్లం. సున్నం గానుగ దగ్గర కూలీలు తొందరపడుతుంటే ఆయన కేకలేస్తున్నాడు.

"మరో రెండు సుట్లు తిప్పండొరే! ఎన్నపూస లాగ మెత్తగా రావాల. నర్సమ్మ ఇంటికి మూడు రోజులు తిప్పించినాను నాను. ఆ గోడలు సూడండి, పదిహేనేళ్లయినా మేకు దిగదు!"

"ఏ నర్సమ్మ తాతా?" అన్నాను.

"ఎంతమంది నర్సమ్మలున్నారు బాబూ మనకి? మిల్లు పక్క ఇల్లు. నానే కట్టినాను."

"అది మట్టి గోడ కదా? వంటింట్లో చూశాను."

తాత తాపీ కింద పెట్టాడు. "వంటిల్లు తరవాత ఏసినాది. డబ్బుల్లేక మట్టితోటి ఎత్తించినాది. ముందర ఇల్లు మొత్తం గుల్లసున్నం. జీతంలో నెలనెలా దాసి కొనుక్కున్నాది ఆ తల్లి." నా మొహం చూసి ఆగాడు. "ఏటి బాబూ, ఏటైనాది?"

సాయంత్రం పని ఆపించి తాతను వెంటబెట్టుకుని వెళ్లాను. నర్సమ్మ అప్పుడే ఆసుపత్రి నుంచి వచ్చింది. "గోడ ఒక్కచోట గోకుతానమ్మా" అన్నాను. ఆమె ఎందుకని అడగలేదు. ముందు గదిలో తలుపు వెనక చాకు పెట్టి గీశాను. పూత పొడి రాలింది. లోపల ఇటుకల మధ్య తెల్లటి గీత. దాని మీద చాకు మొన జారిపోయింది. ఇంకోచోట గీశాను. అక్కడా అంతే. చాకు మొన వంగిపోయింది.

"అమ్మా, నేను తప్పు రాశాను. మీ ఇంటి ధర ఏడువేల ఎనిమిదివందలు," అన్నాను. "ఆ రోజు మీరు అడిగినప్పుడు చూశానని చెప్పాను. చూడలేదు."

ఆమె స్టూలు మీద కూర్చుంది. "నాకు తెలుసు బాబూ."

"తెలిసీ ఎందుకు ఊరుకున్నారు?"

"మీరు సదువుకున్నోరు. పదిహేనేళ్లకి సున్నం బలం తగ్గిపోద్దేమో, లెక్కలో అలాగే వస్తాదేమో అనుకున్నాను. నా సొంత ఇల్లు కదా, ఎంత సెప్పినా నాకు తక్కువగానే ఉంటాదని నన్ను నానే తిట్టుకున్నాను."

గుమ్మంలో కూర్చున్న తాత నిమ్మళంగా "సున్నం బలం తగ్గదమ్మా, పెరుగుతాది" అన్నాడు.

అసలు చిక్కు అప్పుడు బయటపడింది. పక్కనున్న మిల్లు యజమానికి, ఊళ్లో అందరూ మిల్లుబాబు అనేవారు, తన గుమస్తా కాపురానికి ఆ ఇల్లు కావాలి. ఆయన అడిగితే నర్సమ్మ ఆరువేల రెండువందలని ఒక్క మాట చెప్పింది. నా కాగితం కూడా ఇచ్చింది. ఆయన బేరమాడకుండా సరేనన్నాడు. సోమవారం ఉదయం ఇద్దరు పెద్దమనుషుల ఎదుట బయానా ఇస్తానన్నాడు.

"అయితే ఆయనతో చెప్పండి, ధర మారిందని," అన్నాను.

"నాను సెప్పను." ఆమె గొంతు పెంచలేదు. "నాను మాట ఇచ్చీసినాను. మాట నాది, కాయితం మీది. నా మాట నాను ఎనక్కి తీసుకోను. మీ కాయితం మీరు ఎనక్కి తీసుకుంటానంటే వద్దనను."

మర్నాడు ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌కు అంతా చెప్పాను. ఆయన పెన్సిలు చెక్కుతూ విన్నారు.

"మిల్లుబాబు ఎవరో తెలుసా? సమితిలో పెద్దలందరూ ఆయన ఇంట్లో భోంచేసినవాళ్లే. సంతకం పెట్టిన లెక్క నువ్వే తప్పంటే రేపు నీ కల్వర్టు లెక్కలన్నీ తప్పంటారు. ఊరుకుంటే ఎవరికీ తెలియదు."

"తాతకు తెలుసు. నర్సమ్మకు తెలుసు."

"వాళ్లిద్దరూ చెప్పరు."

"అందుకేనండీ," అన్నాను.

ఆయన నా వైపు చూశారు. సొరుగు లాగి తన ఫౌంటెన్ పెన్ను తీసి బల్ల మీద పెట్టారు. "నీ పెన్ను కక్కుతుంది. సోమవారం ఇది పట్టుకెళ్లు." ఆయన నాతో ఆడిన మాటల్లో నేను దాచుకున్నది అదే.

సోమవారం. కోతలు మొదలైన రోజులు. మిల్లు ముందు ధాన్యం బళ్లు బారులు తీరి ఉన్నాయి. నేను వెళ్లేసరికి నర్సమ్మ ఇంటి వసారాలో, ఉన్న ఒక్క కుర్చీలో మిల్లుబాబు కూర్చుని ఉన్నాడు. భారీ మనిషి, నవ్వితే మీసాలు కూడా నవ్వేవి. బల్ల మీద పెద్దమనుషులిద్దరు. నర్సమ్మ గుమ్మం పట్టుకుని నిలబడింది. నా కాగితం మిల్లుబాబు చేతిలో ఉంది.

"రండి బాబూ, మీ సలవే ఇదంతా," అన్నాడాయన. "ఒక్క మాట మీద తేలిపోయినాది. ఇలాటి బేరం నా జన్మలో సూడలేదు."

"ఆ కాగితం ఒకసారి ఇవ్వండి."

ఇచ్చాడు. "ఇందులో లెక్క తప్పు. ఇవి సున్నం గోడలు. నేను వంటిల్లు ఒక్కటే చూసి ఇల్లంతా మట్టి అని రాశాను. సరైన ధర ఏడువేల ఎనిమిదివందలు," అన్నాను.

ఆయన నవ్వు పోయింది. "అంటే ఏటి? మీ సేత్తో రాసినది మీ నోటితోటే కాదంటన్నారా?"

"అవును."

"నర్సమ్మా, నువ్వేటంటావు? మాట ఇచ్చినావు కదా?"

"ఇచ్చినాను. ఆరువేల రెండొందలే ఇయ్యండి. నాను కాదనను," అంది ఆమె.

మిల్లుబాబుకు ఆ మాటే కోపం తెప్పించింది. ఆమె ఎక్కువ అడిగి ఉంటే పోట్లాడేవాడు. ఇప్పుడు ఆ ధరకు కొంటే ఊరి కళ్లలో ఏమవుతాడో ఆయనకు తెలిసింది. ఆ కోపం నా మీదకు తిరిగింది.

"ఎంత పుచ్చుకున్నావు?"

ఆ ఏకవచనం చెంప మీద కొట్టినట్టు తగిలింది. "ఏమీ పుచ్చుకోలేదు. లోపలికి రండి. మీ చేత్తోనే గోకి చూడండి."

"గోడలు గోకడానికి రాలేదు నాను!"

నేను కాగితం బల్ల మీద పెట్టి, డ్రాఫ్ట్స్‌మన్ పెన్ను తీసి, నా అందమైన దస్తూరీ మీద అడ్డంగా రాశాను: ఈ లెక్క తప్పు. గోడలు చూడకుండా రాశాను. కింద సంతకం చేసి తేదీ వేసి ఆయనకే ఇచ్చాను. "ఇది మీ దగ్గరే ఉంచండి. ఎవరికి చూపించినా నాకు అభ్యంతరం లేదు."

ఆయన కాగితం జేబులో కుక్కుకుని లేచి వెళ్లిపోయాడు. పెద్దమనుషుల్లో ఒకాయన కండువా దులుపుకుంటూ, "ఇంటికొచ్చిన సొమ్ము తిప్పి పంపించీసినావు బాబూ" అన్నాడు నాతో. నర్సమ్మ లోపలికి వెళ్లి గ్లాసుతో మజ్జిగ తెచ్చి ఇచ్చింది. "తాగండి. మొహం పాలిపోయినాది."

తరవాతి పంతొమ్మిది రోజులు నా ఉద్యోగ జీవితంలో అన్నిటికన్నా పొడుగైనవి. మిల్లుబాబు వదిలేసిన ఇల్లు కొనడానికి ఊళ్లో ఎవరూ ముందుకు రాలేదు. రంగూన్ నుంచి తిరిగొచ్చిన ఒకాయన చూసి వెళ్లి మళ్లీ కనపడలేదు. డిసెంబరు వచ్చేసింది. జనవరిలో ఆమె చేరాలి. ఇల్లు తాళం వేసుకుని వెళ్లిపోతే ఇక ఏ ధరా రాదు. నా నిజాయితీకి ఖర్చు ఆమె పెట్టుకుంటోందని ప్రతి ఉదయం అనిపించేది. ఒకరోజు ఆసుపత్రి దారిలో ఎదురైతే క్షమించమన్నాను. ఆమె నడక ఆపకుండానే, "మీరు సెప్పకపోతే నాను అక్కడికెల్లి ఆ గుంటలకి ఏటి నేర్పిస్తాను బాబూ? సూడకుండా రాసీమనా?" అంది. అది ఓదార్పో చురకో నాకు ఈనాటికీ తేలలేదు. రెండూ అయి ఉంటాయి.

ఇరవయ్యో రోజు బడి పని దగ్గర ఉండగా తాత ఆయాసపడుతూ వచ్చాడు. "బాబూ, రండి! మిల్లుబాబు నర్సమ్మ ఇంటికాడ గోడలు గోకతన్నాడు!"

సైకిలెక్కి వెళ్లాను. మిల్లుబాబు పంచె పైకి కట్టి, ఉలి పట్టుకుని, మోచేతుల దాకా సున్నం పొడితో ముందు గదిలో నిలబడి ఉన్నాడు. నర్సమ్మ చేతిలో చీపురు ఉంది.

"ఎనిమిది కాడ గోకినాను," అన్నాడు నన్ను చూసి. "ఏడు సున్నం. ఒకటి మట్టి, వంటిల్లు. మీరు సెప్పినది నిజమే. తప్పు సెప్పి బాగుపడినోలని సూసినాను. తప్పు ఒప్పుకుని మీకేటి వచ్చినాదో నాకు బోధపడలేదు బాబూ. ఇరవై రోజుల బట్టీ అదే ఆలోసన. మిల్లులో తూకం కూడా సరిగ్గా సూడలేకపోతన్నాను." తరవాత ఆమె వైపు తిరిగాడు. "నర్సమ్మా, నీ ఆరువేల రెండొందల మాట నాకొద్దు. అది నాను ఎనక్కి ఇచ్చీసినాను. కొత్త మాట సెప్పు."

ఆమె చీపురు గోడకు ఆనించింది. "ఏడువేల అయిదొందలు."

నేను ఉలిక్కిపడ్డాను. "ఎనిమిది వందలమ్మా! ఏడువేల ఎనిమిది వందలు!"

"కాదు బాబూ. మీరు నూతి సంగతి అడగలేదు, నాను సెప్పలేదు. ఇప్పుడు నీళ్లు తియ్యగుంటాయి. వైశాఖంలో ఉప్పగా అయిపోతాయి. రెండు నెలలు తాగడానికి వీధి నూతికి ఎల్లాల. దానికి మూడొందలు తగ్గించీయాల."

మిల్లుబాబు ఉలి కింద పడేసి నవ్వడం మొదలుపెట్టాడు. కళ్లు తుడుచుకుంటే మొహమంతా సున్నం అయింది. "నీ గోడకి ఆనుకుని పదిహేనేళ్లుగా మిల్లు నడుపుతన్నాను. నీ నూతి సంగతి నాకు తెల్దనుకున్నావేటి? నా నుయ్యీ అంతే! నువ్వు సెప్తావో సెప్పవో అని సూస్తన్నాను. అయిపోయినాది. ఏడువేల అయిదొందలు. ఎల్లుండి టెక్కలి ఎల్లి రిజిస్ట్రీ సేయించీద్దాం."

అలా నేను కట్టిన ధర రెండోసారి కూడా తప్పే అయింది. మొదటిసారి గోడ చూడలేదు, రెండోసారి నుయ్యి అడగలేదు. నర్సమ్మ జనవరి మొదటివారంలో రైలెక్కింది. స్టేషనుకు డ్రాఫ్ట్స్‌మన్ కూడా వచ్చారు. ఆమెను ఆ ఊళ్లో ఎవరూ సాగనంపకుండా ఉండలేదు. ప్లాట్‌ఫారం మీద చంకలో పిల్లలతో ఉన్న తల్లులను దాటి రైలుపెట్టె దగ్గరకు వెళ్లడమే నాకు కష్టమైంది.

ఆ తరవాత ముప్పై రెండేళ్లలో నేను గోకకుండా ఏ గోడకూ ధర కట్టలేదు. అమ్మేవాళ్లని కూర్చోబెట్టి "ఈ ఇంట్లో మీకు నచ్చనిదేమిటి?" అని అడగకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు. ఎలుకలా గోడలు గోకుతాడని నా కింద పనిచేసిన కుర్రాళ్లు నాకొక పేరు పెట్టారు. అది ఇక్కడ రాయను. వాళ్లలో ఇద్దరు ఇప్పుడు పెద్ద ఇంజినీర్లు. ఇద్దరూ గోడలు గోకుతారు.

నేను సాలూరు వైపు బదిలీ అయి పదేళ్లు దాటాక ఒకనాడు మిల్లు నుంచి మనిషి వచ్చాడు. మిల్లుబాబూ, ఆయన తమ్ముడూ పంపకాలకు దిగారు. తాతలనాటి లోగిలి ఎవరో ఒకరు తీసుకుని రెండోవాళ్లకు సగం ధర ఇవ్వాలి. అన్నదమ్ముల మధ్య మాటల్లేవు. ఒకరు తెచ్చిన ఇంజినీరును ఇంకొకరు నమ్మడం లేదు. ఇద్దరూ ఒప్పుకున్నది నన్నొక్కడినేనట.

వెళ్లాను. రెండు రోజులు కొలిచాను, గోకాను, అడిగాను. మూడో రోజు లోగిట్లో చాప మీద ఇద్దరూ ఎడమొహం పెడమొహంగా కూర్చున్నారు. మిల్లుబాబుకు మీసాలు నెరిసిపోయాయి. తమ్ముడి తరఫున వచ్చిన ఆయన అల్లుడు, పట్నంలో చదివినవాడు, అందరూ వింటుండగా అడిగాడు: "ఈయనే ఎందుకు? ఈయన లెక్కలో తప్పులుండవా?"

మిల్లుబాబు అతనివైపు చూడకుండా నాకు బల్ల ముందుకు జరిపాడు.

"ఉంటాయిరా. ఈ బాబు తప్పు రాస్తాడు. రాసినాక, తప్పని తనే వచ్చి సెప్తాడు. రాయండి బాబూ."